ఆకు చాలునా, పువ్వు కావాలా?
సండూరు అడవి చెట్ల గుర్తింపుపై ఒక సంవాదం

చెట్టు పేరు తప్పు చెబితే మామూలుగా ఎవరికీ నష్టం లేదు, పక్కవాళ్ళు దిద్దుతారు. బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో మాత్రం ఆ తప్పు కాగితం మీదికి ఎక్కితే దశాబ్దాల పాటు నేలలో నిలబడుతుంది. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి ఇనుప గనుల తవ్వకాన్ని ఆపేసింది. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పుతో కొన్ని గనులకు మళ్ళీ దారి దొరికింది గానీ, చెడిన నేలను బాగుచేసే ప్రణాళికను అమలు చేయాలన్న షరతు వెంటే వచ్చింది. గుట్టలుగా పోసిన గని మట్టి మీద స్థానిక జాతుల మొక్కలు నాటడం ఆ పనిలో ఒక భాగం. 2024లో ఇదే తాలూకాలోని దేవదారి కొండల్లో కొత్త గని మాట వచ్చినప్పుడు, కొట్టేయాల్సిన చెట్లు దాదాపు 99 వేలన్న లెక్క చర్చకు వచ్చింది. నాటడానికైనా నరకడానికైనా ముందు ఒక జాబితా తయారవుతుంది. ఆ జాబితాలో ప్రతి వరుసకూ ఒక చెట్టు పేరు ఉంటుంది. ఆ పేరు ఏ ఆధారం మీద రాయాలన్నదే ఇక్కడి తగవు.

తగవు పడేది ఇద్దరు. ఒకరు అడవి చెట్ల నారు పెంచే పెద్దాయన. ఆకు చూస్తే చాలునన్నది ఆయన మాట. ఇంకొకరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే టీచరమ్మ. పువ్వు చూడనిదే పేరు రాయకూడదని ఆమె పట్టు. ఇద్దరూ కల్పిత వ్యక్తులే, వారి వాదనలు మాత్రం ఆ రెండు వృత్తుల్లోనూ నిత్యం వినిపించేవే. వాదం నారయేపి దగ్గర మొదలవుతుంది. శాస్త్రం దీన్ని హార్డ్‌వికియా బైనేటా అంటుంది, కన్నడిగులు కమర అంటారు. సామర్లకోటలో తోట పెంచి, 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్‌కు వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ దీనికి శాస్త్రనామం పెట్టాడు. వాన తక్కువైన రాతి నేలల చెట్టు ఇది. అనంతపురం, కర్నూలు, బళ్ళారి, చిత్రదుర్గం మెట్టల్లో తనంతట తానే పెరుగుతుంది. 1953 అక్టోబరు 1న రాయదుర్గం ఆంధ్రకూ బళ్ళారి మైసూరుకూ పోయాయి గానీ, సరిహద్దు గీతకు రెండు పక్కలా ఉన్న అడవి ఒకటే. పట్ట నుంచి తాళ్ళు పేనే నార వస్తుంది, ఆకు పశువులకు మేత, చేవ నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు.

పెద్దాయన: నారయేపికి పువ్వు చూడాల్సిన పనేముందమ్మా? కొమ్మ వంచి ఆకు చూస్తే తేలిపోతుంది. పొట్టి కాడ, దాని కొసన ఎదురెదురుగా రెండే రెండు పత్రకాలు. రెండూ ఒకే తీరుగా వంకర. లోపలి అంచు దాదాపు తిన్నగా, వెలుపలి అంచు గుండ్రంగా ఉంటుంది. అడుగు నుంచే నాలుగైదు ఈనెలు విడివిడిగా బయలుదేరతాయి. రంగు చూస్తే బూడిద కలిసిన ఆకుపచ్చ. ఆకును కంటి దగ్గరికి తెచ్చుకుంటే, రెండు పత్రకాల నడుమ వెంట్రుకంత సన్నని కొస ఒకటి కనిపిస్తుంది. ఆరె చెట్టు ఆకు కూడా దూరానికి జంటగానే తోస్తుందని మీరంటారు, నిజమే. కానీ ఆరెది ఒకటే ఆకు, కొస నుంచి మూడో వంతో సగమో చీలి ఆగిపోతుంది. నారయేపిలో చీలిక కాడ దాకా వచ్చేసింది. ఇవి రెండు ఆకులా, ఒకే ఆకులోని రెండు ముక్కలా అని ఇంకా సందేహముంటే మొగ్గ ఎక్కడుందో చూడండి. మొగ్గ ఎప్పుడూ ఆకు కాడకూ కొమ్మకూ మధ్య మూలలో ఉంటుంది, పత్రకం మొదట్లో ఉండదు. ఇంత సాక్ష్యం కొమ్మ మీదే, ఏడాదిలో ఎక్కువ నెలలు, చేతికందే ఎత్తులో దొరుకుతుంటే పువ్వు కోసం కాచుకోవడమెందుకు? జనం కూడా చెట్లను ఆకుతోనే ఎరుగుదురు. దసరాకు మనవైపు జమ్మి ఆకు పంచుకుంటాం, మహారాష్ట్రలో ఆరె ఆకును బంగారమని పంచుకుంటారు. ఆ రోజు ఆ చెట్లకు పువ్వు ఉందా అని అడిగినవాడు లేడు.

టీచరమ్మ: మీ వర్ణనలో తప్పు పట్టడానికేమీ లేదు పెద్దాయనా. అయితే మీరు ఆరె ఒక్కదాన్నే ఎదురుగా నిలబెట్టి గెలిచారు. ఇదే మెట్ట నేలల్లో గార చెట్టు ఉంది కదా? దాని ఆకుకూ రెండే పత్రకాలు. రెండు పత్రకాలుంటే నారయేపి అని రాసుకునే మనిషి గారను కూడా అదే వరుసలో రాసేస్తాడు. నా అసలు అభ్యంతరం ఇంకా లోతుది. ఆకు చెట్టు బతుకుతెరువుకు పనిముట్టు. నీడలో ఒకలాగా, ఎండలో ఒకలాగా ఉంటుంది. మొలకకు ఒకలాగా, ముదురు చెట్టుకు ఒకలాగా ఉంటుంది. నరికిన మొద్దు నుంచి లేచిన చిగురుకు మరీ పెద్దదిగా వస్తుంది. నేల, నీరు, మేకల మేత అన్నీ దాని మీద ముద్ర వేస్తాయి. పువ్వు నిర్మాణం అంత తేలిగ్గా మారదు. అందులోని భాగాల లెక్క, వాటి అమరిక తప్పితే పుప్పొడి చేరాల్సిన చోటికి చేరదు, గింజ కట్టదు. అందుకే ఒకే జాతి చెట్లలో ఆకులు ఎంత తేడాగా ఉన్నా పువ్వులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. 1735లో శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ మొక్కలను కేసరాల లెక్కతో తరగతులుగా పంచింది ఊరికే కాదు. నారయేపి పువ్వునే చూడండి. వానాకాలంలో కొమ్మల చివర గుత్తులుగా వచ్చే ఆకుపచ్చ కలిసిన లేత పసుపు చిన్న చిన్న పువ్వులు, అయిదు రక్షక పత్రాలు, పది కేసరాలు. రేకులు మాత్రం అసలుండవు. ఆరె పువ్వుకు తెల్లగా, సన్నగా అయిదు రేకులుంటాయి. ఎంత నేర్పు లేనివాడైనా ఈ తేడాను పొరబడలేడు.

పెద్దాయన: గార సంగతి ఒప్పుకుంటా. ఒప్పుకోవడం దేనికంటే, దాన్ని తోసేయడానికి కూడా నాకు పువ్వు అక్కర్లేదు. గార కొమ్మకు పొడుగాటి పచ్చని ముళ్ళుంటాయి, నారయేపికి ముల్లే లేదు. ముల్లు లేని కొమ్మ చేతికొచ్చిందనుకోండి, పత్రకంలో ఈనెలు చూస్తా: గారకు నడిమి ఈనె ఒకటే, నారయేపికి అడుగు నుంచే నాలుగైదు. ఇక మీ లిన్నేయస్ మాట. నారయేపికి పది కేసరాలు, ఆరెకూ పదే. ఇంటి ముందున్న వేపకూ పదే. కేసరాలు లెక్కపెట్టి పంచితే మూడూ ఒకే గదిలో పడతాయి. మీరు చివరికి గెలిచింది కేసరాలతో కాదు, రేకులున్నాయా లేవా అన్నదానితో. అంటే పువ్వులో కూడా ఏ భాగం పనికొస్తుందో ఏది పనికిరాదో ముందు ఎంచుకోవాల్సి వచ్చింది. నేను ఆకులో చేసేదీ అదే కదా. పైగా మీ సాక్షి ఎక్కడ దొరుకుతాడమ్మా? నారయేపి పువ్వు ఏడాదిలో కొద్ది వారాలే ఉంటుంది. ఎత్తైన చెట్టు పైకొమ్మల్లో, ఆకు రంగులో కలిసిపోయి ఉంటుంది. సగం అడవిలో అసలు ఆకూ పువ్వూ కలిసి దొరకవు. కొండగోగు ఎండాకాలం మొదట్లో ఆకంతా రాల్చేసి మోడు మీద పసుపు పువ్వులు పూస్తుంది. మోదుగ అంతే, బూరుగ అంతే. పూసినప్పుడు ఆకు లేదు, ఆకు వచ్చేసరికి పువ్వు రాలిపోయింది. పువ్వు చూడందే పేరు రాయకూడదని మీరు పట్టుబడితే పది నెలలు మీ పుస్తకం ఖాళీగా ఉంటుంది.

టీచరమ్మ: ఖాళీగా ఉంచడం తప్పు పేరుతో నింపడం కంటే మేలు కదా? ఆకూ పువ్వూ కలిసి రాని చెట్ల కోసం ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. చెట్టుకు గుర్తు కట్టి, పూసినప్పుడు ఒకసారి, ఆకు తొడిగినప్పుడు ఇంకోసారి అదే చెట్టు నుంచి కొమ్మ తీసి, రెండింటినీ ఒకే నంబరు కింద చేర్చి పెడతారు. ఆలస్యం పద్ధతిలో భాగమే. అలా ఎందుకు కాచుకోవాలో చెప్పడానికి నారయేపి మంచి ఉదాహరణ కాదు, అంకుడు, కొడిశపాల మంచి ఉదాహరణ. రెండూ పొడి ఆకురాల్చు అడవుల చెట్లే. రెండింటికీ ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. రెండింటి కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి. ఆకు కొలతలు ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుపోతాయి. పేర్ల గందరగోళం సరేసరి, పాల అన్న మాట రెండింటికీ తగిలిస్తారు. కొడిశపాల పట్ట జిగట విరేచనాలకు పేరుపడ్డ మందు. అంకుడు పట్టను దాని పేరుతో అమ్మడం ఆయుర్వేద సరుకుల బజారులో ఎరిగిన కల్తీ. అంకుడు విలువ వేరే చోట ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు దాని కర్రతోనే చేస్తారు, దాని ఆకు నుంచి నీలిరంగు తీయవచ్చు. ఇక్కడ మీ ఆకు నోరు మెదపదు. పువ్వును చేతిలోకి తీసుకుంటే క్షణంలో తేలిపోతుంది: అంకుడు పువ్వు నడుమ తెల్లని కుచ్చులాంటి అంచు లేచి ఉంటుంది, పరాగకోశాలు దానిలోంచి మొనలా బయటికి వస్తాయి. కొడిశపాల పువ్వుకు కుచ్చు లేదు, పరాగకోశాలు గొట్టం లోపలే దాగి ఉంటాయి. రెండూ తెల్లనివే, రెండింటికీ అయిదు రేకులే. అయినా లోపలికి తొంగిచూసినవాడు మోసపోడు.

పెద్దాయన: ఇక్కడ ఆకు ఓడిపోయిందని ఒప్పుకుంటా. కానీ పువ్వు కోసం మళ్ళీ వేసవి దాకా ఆగమంటే ఒప్పుకోను. ఆ రెండు చెట్లకూ కాయలు జంటలుగా, పొడుగ్గా, సన్నగా వేలాడతాయి. అంకుడు జంట కాయలు కొసల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పండి విచ్చుకునే దాకా విడిపోవు. కొడిశపాల కాయలు మొదటినుంచీ వేటికవే. పువ్వు రాలిపోయిన ఎన్నో నెలలకు కూడా, ఆకంతా రాలిన చెట్టు మీద కూడా, కింద నిలబడి తలెత్తితే ఈ తేడా కనిపిస్తుంది. కాబట్టి ఆకుకు ఎదురుగా మీరు నిలబెట్టాల్సింది పువ్వునొక్కదాన్నే కాదు. ఇంకో మాట. పువ్వు గొప్పదని మీరు చెప్పినచోట అది తప్పుదారి పట్టించిన సందర్భం మన కళ్ళముందే ఉంది. జమ్మినీ సర్కారు తుమ్మనూ మీ శాస్త్రం ఎన్నో ఏళ్ళు ఒకే ప్రజాతి కింద, ప్రోసోపిస్ అని పెట్టుకుంది. రెండింటికీ పసుపు వన్నె పువ్వులు సన్నని కంకులుగా వస్తాయి. పువ్వును నమ్ముకున్న మనిషికి మన జమ్మీ, పైనుంచి వచ్చి నేలనంతా ఆక్రమించిన సర్కారు తుమ్మా దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి. గొర్రెలు కాసే పిల్లవాడికి మాత్రం ఆ అనుమానమే రాదు, వాడు ముల్లు చూస్తాడు.

టీచరమ్మ: ముల్లు సంగతి నిజమే, దాన్ని సరిగ్గా చెప్పుకుందాం. సర్కారు తుమ్మకు ముళ్ళు కణుపు దగ్గర, ఆకు మొదట్లో, చాలాసార్లు జంటగా వస్తాయి. జమ్మి ముళ్ళు పొట్టివి, అడుగున వెడల్పుగా ఉంటాయి, కణుపుల నడుమ కొమ్మ పొడుగునా చెదురుమదురుగా లేస్తాయి. కాయలు కూడా వేరు: జమ్మివి సన్నగా గుండ్రంగా వేలాడతాయి, సర్కారు తుమ్మవి మందంగా, పసుపుగా, తియ్యగా ఉండి పశువులను పిలుస్తాయి. ఆ పిలుపే దాని వ్యాప్తికి ఒక దారి, గింజ పేడలో పడి మొలుస్తుంది. 1876లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి మద్రాసు ప్రభుత్వాన్ని దాని విత్తనాలు అడిగాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడు కన్నడంలో దాని పేరే బళ్ళారి జాలి. మీరు చెప్పిన చుట్టరికం మాటకు వస్తా. 2022లో వృక్షశాస్త్రజ్ఞులు ప్రోసోపిస్‌ను విడగొట్టారు. జమ్మి ఆ పేరుతోనే మిగిలింది, సర్కారు తుమ్మ నెల్టూమా అనే వేరే ప్రజాతికి పోయింది. అది జన్యువులను పోల్చి చేసిన పని. అట్లాగే 2017లో చిక్కుడు కుటుంబాన్ని ఆరు ఉపకుటుంబాలుగా తిరిగి పంచినప్పుడు, పాత పుస్తకాల్లో ఒకే గుంపులో ఉన్న నారయేపి, ఆరె రెండు వేర్వేరు ఉపకుటుంబాల్లో పడ్డాయి. దీన్నుంచి పువ్వు పనికిరాదని తేల్చకండి. చుట్టరికం తేల్చడం వేరు, ఆనవాలు పట్టడం వేరు. రెండు చెట్లు ఎంత దగ్గరి చుట్టాలన్న ప్రశ్నకు జన్యువు బదులిస్తుంది. ఎదురుగా ఉన్నది ఏ చెట్టన్న ప్రశ్నకు కంటికి కనిపించే గుర్తే కావాలి.

పెద్దాయన: అయితే మనిద్దరం ఒకే చోటికి వచ్చాం, మీరు గమనించారో లేదో. నారయేపిని ఆరె నుంచి విడదీసింది ఆకు. గార నుంచి విడదీసింది ముల్లు, ఈనె. అంకుడును కొడిశపాల నుంచి విడదీసింది పువ్వు, పువ్వు లేనప్పుడు కాయ. జమ్మిని సర్కారు తుమ్మ నుంచి విడదీసింది మళ్ళీ ముల్లే. ప్రతిచోటా తీర్పు చెప్పిన భాగం మారింది. మారనిది ఒక్కటే: దేనితో పొరబడే అవకాశం ఉందో ముందు తెలుసుకుని, ఆ పోలిన చెట్టును తోసేసే గుర్తు కోసం వెతకడం. అందుకే ఆకు గొప్పా పువ్వు గొప్పా అన్న ప్రశ్న తప్పు ప్రశ్న. ఈ కొండ మీద ఈ చెట్టును పోలింది ఏది అన్నది సరైన ప్రశ్న. దానికి జవాబు కొండను ఎరిగినవాడి దగ్గర ఉంటుంది, పుస్తకంలో ఉండదు.

టీచరమ్మ: మొదటి సగం ఒప్పుకుంటా, చివరి మాట ఒప్పుకోను. ఈ కొండ మీద పోలిన చెట్లు ఇవీ అని మీరు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేది కొండ మారనంతవరకే. 1877కు ముందు కమలాపురం మనిషికి జమ్మిని సర్కారు తుమ్మ నుంచి విడదీయాల్సిన అవసరమే లేదు, ఒక్క దిగుమతితో ఆ అవసరం పుట్టింది. సీమ చింతను తీసుకోండి, అది మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టు. దాని ఆకు కాడ రెండుగా చీలి, ఒక్కో చీలికకు రెండేసి పత్రకాలు మోస్తుంది. ముదిరి సగం రాలిన కొమ్మ మీద జంట పత్రకాలు మాత్రమే మిగిలితే ఏమనుకుంటారు? తోటల కోసం, రోడ్ల పక్కన నీడ కోసం తెచ్చి పెట్టిన చెట్లు అడవి అంచుల్లోకి దిగుతూనే ఉన్నాయి. ఊరివాడి జ్ఞాపకంలో లేని చెట్టును ఊరివాడి జ్ఞాపకం తోసేయలేదు. ఆ పని పుస్తకం చేస్తుంది. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన గాంబుల్, ఫిషర్ల వృక్షసంపద గ్రంథం ఈ ప్రాంతానికీ వర్తిస్తుంది. అందులో ప్రతి అడుగులోనూ రెండు దారులు చూపించి, ఇది కాకపోతే అది అంటూ మిగతావాటిని వరుసగా తోసేసే పట్టికలుంటాయి. మీ పద్ధతే అది, కాకపోతే మీరు చూడని చెట్లను కూడా కలుపుకుంది.

పెద్దాయన: ఆ పట్టిక చేతిలో పెట్టుకుని నా నర్సరీకి రండమ్మా. అక్కడ సంచుల్లో ఉన్నవి జానెడు మొక్కలు. వాటికి పువ్వు లేదు, కాయ లేదు, పట్ట గట్టిపడలేదు, ముల్లు సరిగ్గా రాలేదు. ఉన్నది ఆకొక్కటే, అది కూడా పెద్ద చెట్టు ఆకులా ఉండకపోవచ్చునని మీరే అన్నారు. గని మట్టి మీద నాటేవి ఆ మొక్కలే. మొదటి వానలు పడగానే నాటాలి. పూసేదాకా ఆగితే నాటినవాడు పింఛను తీసుకుంటూ ఉంటాడు. మీ లెక్కన వాటికి పేరు రాయనే కూడదు. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయంటారు. అవి చేసేది కూడా ఆకు చూసి చెప్పడమే కదా?

టీచరమ్మ: యాప్ చెప్పేది పోలిక. ఈ ఆకు ఫలానా ఫొటోలకు దగ్గరగా ఉందంటుంది. దేన్ని ఎందుకు తోసేసిందో చెప్పదు. అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది, తీర్పుకు పనికిరాదు. మీ నర్సరీ ప్రశ్న మాత్రం నిజంగా బలమైనది. దానికి జవాబు మొక్కలో వెతికితే దొరకదు. సంచిలోని మొక్క ఏ చెట్టు గింజో తెలిస్తే దాని పేరు తెలిసినట్టే. కాబట్టి గుర్తించాల్సింది తల్లిచెట్టును. దాన్ని ఒకసారి పువ్వులో, ఒకసారి కాయలో, ఒకసారి నిండు ఆకులో చూసి, పోలిన చెట్లన్నిటినీ తోసేసి, నంబరు కట్టండి. గింజ ఆ చెట్టు నుంచే కోయండి, సంచి మీద ఆ నంబరే రాయండి. నా పువ్వు అక్కడ పనిచేస్తుంది, మీ నాటే రుతువును ఆపకుండా. నారయేపికి ఇది ఇంకా సులువు. దాని కాయ పల్చని రెక్కలా ఉంటుంది, ఒకే ఒక్క గింజ కొస దగ్గర కూర్చుంటుంది, గాలికి ఎగిరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ కాయను చేత్తో పట్టుకున్నవాడు ఆరె కాయతోనో గార పండుతోనో పొరబడడు. అంకుడు గింజ ఏరేటప్పుడైతే కొసలు అతుక్కున్న జంట కాయలను చెట్టు మీద ఉండగానే కోయాలి. విచ్చుకుని నేల మీద పడ్డ గింజను ఏరితే ఆ సాక్ష్యం పోయినట్టే.

పెద్దాయన: చెప్పడానికి బాగుంది. నారయేపి ప్రతి ఏడూ కాపు కాయదు, మంచి కాపుకు కొన్నేళ్ళు ఆగాలి. కాపు వచ్చిన ఏడు ఎక్కడ దొరికితే అక్కడ ఏరతారు, నంబరు కట్టిన పది చెట్ల దగ్గరే ఏరమంటే సరుకు చాలదు. పైగా పది చెట్ల గింజతోనే కొండంతా నింపితే అడవి ఒకే రక్తంతో నిండిపోదా? ఇక చెట్ల లెక్కకు పోయేవాళ్ళ సంగతి. వాళ్ళకు ఇచ్చేది కొన్ని వారాలు. వేల చెట్లకు మూడు రుతువుల చొప్పున తిరగమంటే అది జరిగే పని కాదు.

టీచరమ్మ: పది చాలకపోతే వంద చెట్లకు నంబర్లు కట్టాలి, వేర్వేరు కొండల మీద కట్టాలి. రక్తం కలవాలన్న మీ మాటకు అది కూడా జవాబే. ఆ పని ఒక్కసారి చేస్తే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. చెట్ల లెక్కకు మూడు రుతువులు అన్ని చెట్లకూ అక్కర్లేదు. ఈ కొండ మీద పోలిన చెట్టు లేని జాతికి మొదటి చూపే చాలు, దాన్ని ఆకు చూసి రాసేయండి, నాకు అభ్యంతరం లేదు. పోలిన చెట్టు ఉన్న జాతులకు మాత్రం పేరు పక్కన ఇంకో గడి ఉండాలి: ఏ గుర్తు చూశారు, ఏ చెట్టును తోసేశారు. ఆ గడి నింపలేని చెట్టుకు అనుమానం అని రాసి, పూసే నెలలో మళ్ళీ వెళ్ళాలి. అప్పుడు మళ్ళీ వెళ్ళాల్సిన చెట్లు మొత్తంలో ఒక వంతే అవుతాయి.

ఇక్కడ ఇద్దరి మధ్య మిగిలిన దూరం ఎంత? టీచరమ్మ మొదట అన్నట్టు పువ్వే అంతిమ తీర్పు కాదని, పువ్వుల సాక్ష్యమే చెప్పింది. నారయేపి, ఆరెల కేసరాల లెక్క ఒకటే. జమ్మి, సర్కారు తుమ్మల కంకులు ఒకే తీరు. పెద్దాయన అన్నట్టు ఆకే చాలుననీ తేలలేదు. అంకుడు, కొడిశపాల దగ్గర ఆకు మూగబోయింది, జానెడు మొక్క దగ్గర అది నమ్మదగ్గది కాదు. ఒకరు ఓడి మరొకరు గెలిచే తగవు కాదిది. చెట్టును గుర్తుపట్టడమంటే అది దేన్ని పోలిందో చెప్పడం కాదు, పోలినవాటిలో ఏవి కావో చూపించడం అన్న ఒక్క సూత్రం దగ్గర రెండు పద్ధతులూ కలిశాయి. ఆ చూపించే పని ఆకు చేస్తే ఆకు, పువ్వు చేస్తే పువ్వు, రెండూ చేయకపోతే కాయో ముల్లో ఈనో. ఏది చేస్తుందన్నది చెట్టు ఒక్కదాన్ని చూస్తే తెలియదు, దాని చుట్టూ ఉన్న అడవిని చూడాలి.

దీని మీద రాగల అభ్యంతరం ఒకటుంది. ఇంత జాగ్రత్త దేనికి, ఏదో ఒక స్థానిక చెట్టు నాటితే నేల పచ్చబడుతుంది కదా అని. పచ్చబడుతుంది. సర్కారు తుమ్మతో కూడా పచ్చబడింది. ఏ చెట్టు నాటుతున్నామన్నదాని కంటే ఏదో ఒకటి మొలవడం ముఖ్యమనుకున్నందుకు నేటికీ మూల్యం కడుతున్నాం. గని మట్టి మీద నారయేపి పేరుతో మరోటి నాటితే, ముప్ఫై ఏళ్ళ తర్వాత మేతకు, నారకు, చేవకు వచ్చినవాడికి అవేవీ దొరకవు. కాగితం మాత్రం అడవి తిరిగి వచ్చిందని చెబుతూనే ఉంటుంది. నరికే జాబితాలోనూ అంతే. కొడిశపాలను అంకుడుగా రాస్తే పోయినది ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. పేరు రాసినవారు ఏ గుర్తు చూశారో, ఏ చెట్టును కాదన్నారో కూడా రాసినప్పుడే ఆ పేరును ఇంకొకరు పరీక్షించగలరు, తప్పైతే దిద్దగలరు. సండూరు జాబితాలకు ముందుగా చేర్చాల్సింది ఆ ఒక్క గడి.